మధ్యాహ్నపు కాపడం

కాజాలక్క దారం చివరను పళ్ళదాకా తీసుకెళ్ళి చప్పున ఆగింది. కత్తెర వెతికి తెంపింది. ఇరవై రెండేళ్ళుగా చొక్కాలకు గుండీల కాజాలు కుట్టి, ప్రతి దారాన్నీ పళ్ళతో కొరికిన మనిషి. అంత తొందరగా బుద్ధి వస్తుందా?

ఆ కొరుకుడే దవడ కీలు మీదికి తెచ్చింది. అన్నం నమిలితే చెవి ముందర టక్కుమనేది. కుట్టు షెడ్డులో అందరికీ వినబడుతుందని సిగ్గుపడి గోడవైపు తిరిగి తినేది. ఓ పొద్దున నోరు ఒక వేలి మందం తెరుచుకుని బిగుసుకుపోయింది. డాక్టరమ్మ మందులేమీ రాయలేదు. దారం కొరకొద్దు, మెత్తటి తిండి చిన్న ముద్దలుగా తిను, పెదాలు మూసుకున్నా పళ్ళు కలవనీయకు, రెండు పూటలా వెచ్చటి గుడ్డతో కాపడం పెట్టుకో అంది. "నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టాయంటే బాగైనట్టే."

పొద్దుటి కాపడం ఇంట్లో. మధ్యాహ్నానిది మాత్రం షెడ్డులో బట్టలు ఇస్త్రీ చేసే ముసలాయన, ఇస్త్రీ బాబాయి పని. ఫ్లానల్ గుడ్డను నాలుగు మడతలు వేసి, ఇస్త్రీపెట్టెతో వెచ్చచేసి, ముందు తన చెంపకు ఆనించి చూసుకుని ఇచ్చేవాడు. ఓనరు ఒకసారి చూసి మండిపడ్డాడు. "ఇది షాపా, ఆస్పత్రా? మళ్ళీ చూశానంటే ఇద్దర్నీ ఇంటికి పంపిస్తా." అప్పట్నుంచీ అంతా దొంగచాటుగానే.

ఆ రోజు వస్తూనే ఆమె ముసలాయన ముందు నిలబడి మూడు వేళ్ళూ నోట్లో పెట్టి చూపించింది. చప్పుడన్నదే లేదు.

"ఓర్నీ! ఇంక నీ నోటికి మేం ఆగలేం తల్లీ," అని ఆయన పడీపడీ నవ్వాడు.

"ఈ ఒక్క పూటా పెట్టు బాబాయ్. రేపట్నుంచి నీకు ఈ చాకిరీ తప్పుతుంది."

మధ్యాహ్నం ఆయన గుడ్డను చెంపకు ఆనించి వేడి చూస్తున్నాడు. పెట్టెను నిలబెట్టడం మరిచాడు. మాడు వాసనకు ఓనరు పరిగెత్తుకొచ్చేసరికి ఎవరిదో పెళ్ళికోటు వీపున పెట్టె అచ్చు దిగిపోయింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా?"

ముసలాయన గుడ్డను జేబులో కుక్కుకుని తల వంచుకున్నాడు.

ఓనరు కాజాలక్క వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు ఎదురుగానే ఉన్నావుగా. ఏం జరిగింది?"

నా కోసమేనండీ. ఆ ఒక్క ముక్క అంటే చాలు. కానీ ఈ పని, ఈ మిషను పోతాయన్న భయం ముందే వచ్చి కూర్చుంది. ఆమె చెయ్యి చెంపమీదికి పోయింది. పళ్ళు బిగబట్టి, మాట్లాడలేనన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఇస్త్రీ బాబాయి ఆ చేతిని ఒక్క క్షణం చూశాడు.

"దవడ పట్టేసినట్టుంది బాబూ. పాపం, ఆమెనేం అడుగుతారు? నా పరధ్యానమే," అన్నాడు.

రేపట్నుంచి రావద్దని ఓనరు అక్కడికక్కడే చెప్పేశాడు. ముసలాయన టిఫిన్ డబ్బా తీసుకుని చెప్పులు వేసుకున్నాడు. కాజాలక్కకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకుంది. అయినా తల ఎత్తలేదు. చెప్పుల చప్పుడు ఆమె మిషను పక్కన కాసేపు ఆగి, తర్వాత మెట్లు దిగిపోయింది.

అప్పుడు తలెత్తింది. కత్తెర పక్కన నాలుగు మడతల ఫ్లానల్ గుడ్డ ఉంది, ఇంకా వెచ్చగానే.