ఇల్లరికపు గుట్ట

ఎర్రమ్మ పొద్దున లేవగానే మొదట కోడిని తిట్టేది. కోడి చేసిన తప్పేమీ ఉండదు. తప్పు చేసేది అల్లుడు దూలయ్య. అయితే చాటుగూడెంలో అత్త అల్లుడి ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు. చెప్పాలనుకున్నది ఎవరికో చెబుతున్నట్టు చెప్పాలి, అల్లుడు విననట్టు వినాలి. ఎర్రమ్మ మాటలు మోయడానికి ఇంట్లో ఆ గోధుమరంగు పెట్ట ఉంది. దూలయ్యకు పందిరి గుంజ ఉంది.

"ఏమే కోడీ, పొద్దెక్కింది. గడపకు అడ్డం గట్ల కూసుంటె మనుషులు ఎట్ల తిరగాలె?"

గడప మీద కూర్చుని వేపపుల్ల నములుతున్న దూలయ్య నింపాదిగా గుంజ వైపు తిరిగేవాడు. "చేన్ల పనుంటె పోనా? ఎండిన చేన్ల ఏం పీకాలె?"

"మీ నడుమ ఆ కోడి ముసలిదైపోయింది," అనేది శ్యామల. ఆమె ఎర్రమ్మకు ఒక్కగానొక్క కూతురు, దూలయ్యకు పెళ్లాం.

ఆ ఇల్లు కూతుళ్ల ఇల్లు. తల్లి నుంచి కూతురికే వస్తుంది. అల్లుళ్లే బయటి నుంచి వచ్చి ఉండిపోతారు. దూలయ్య పన్నెండేళ్ల కిందట ఏన్కూరు దిక్కు నుంచి ఇల్లరికం వచ్చాడు. అతనికంటే చాలా ముందే ఆ ఇంటికి ఇంకో ఇల్లరికపు అల్లుడు వచ్చి ఉన్నాడు. అది గూడేనికి పడమట కూర్చున్న గుట్ట.

ఎర్రమ్మ అమ్మమ్మకు అమ్మమ్మ పడుచుగా ఉన్నప్పుడు ఇప్పపువ్వు ఏరడానికి గోదావరి దాకా పోయిందట. తిరిగి వస్తుంటే అక్కడి గుట్ట ఒకటి వెంటపడి వచ్చింది. వాగులు దాటి, అడవి దాటి, వాళ్ల ఇంటి పడమటి పక్కన చతికిలబడింది. వచ్చిన అల్లుణ్ణి పొమ్మనలేరు కదా, కాళ్లకు నీళ్లిచ్చారు. అప్పటి నుంచి గూడెం దాన్ని పెద్దల్లుడు అంటుంది, ఆ ఇంటి పెద్దామె దానికి అత్త. ఏటా మృగశిర కార్తెకు గుట్ట ఇంటి వైపు రెండు వేళ్లంత జరుగుతుంది. ఆ రోజు ఎర్రమ్మ నెత్తిన కొంగు కప్పుకుని, మొహం పక్కకు తిప్పుకుని, దాని అడుగున అంబలి చెంబు పెట్టి వస్తుంది. నాలుగేళ్లకోసారి కంచె కాస్త వెనక్కి నాటుకుంటారు. అంతకు మించి ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

జెబా మాత్రం ఎత్తింది. జెబా ఖమ్మంలో బట్టలు కుట్టే ఇబ్రహీం కూతురు. సోషల్ టీచరుగా మొదటి పోస్టింగ్ చాటుగూడెం బడికే వచ్చింది. జూలూరుపాడులో గది కిరాయికి తీసుకుని, రోజూ లాలు ఆటోలో వచ్చిపోతుండేది. ఏ వింత కనబడినా కొలిచి చూస్తేగాని ఆమెకు నిద్ర పట్టదు. చేరిన మొదటి నెలలోనే గుట్ట అంచున ఒక మేకు పాతింది. ఏడాది తిరిగి, 2005లో బడి తెరిచిన రోజు, నాన్న దగ్గర తెచ్చుకున్న టేపు పెట్టి కొలిచింది. "అబ్బా, గుట్ట నాలుగున్నర సెంటీమీటర్లు నడిచింది," అని అబ్బాకు ఉత్తరం రాసింది. ఇబ్రహీం ముప్పై ఏళ్లుగా మనుషుల్ని కొలుస్తున్నవాడు. తిరుగు ఉత్తరంలో అతను అడిగింది ఒక్కటే. "ముందుకా, పక్కకా?"

బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఎర్రమ్మే. వరండా చివర పొయ్యి, పొయ్యి పక్కనే ఏడో తరగతి. కాబట్టి పప్పు ఉడికేలోగా ఎర్రమ్మకు పాఠం కూడా అయిపోయేది.

"మబ్బులు నైరుతి నుంచి వస్తయి," అని చెబుతోంది జెబా ఒక రోజు. "కొండ ఎక్కేటప్పుడు చల్లబడి ఆ పక్కనే వానంత కురుస్తయి. ఈ పక్కకు దిగేసరికి వాటిల నీళ్లుండవు. దీన్ని వర్షచ్ఛాయా ప్రాంతం అంటరు. ఎవరన్న ఉదాహరణ చెప్పండి."

పిల్లలందరూ ఒక్కసారే చేతులెత్తారు. "మన గూడెమే టీచర్! వాన చాటున ఉన్నది. అందుకే చాటుగూడెం!"

జెబా కిటికీలోంచి గుట్టను చూసింది. పుస్తకంలోని అంత పొడుగు మాటను ఈ పిల్లలు ఊరి పేరులో పెట్టుకుని పుట్టారు. ఆమెకు భలే సంతోషం వేసింది. ఆ ఊపులో పాఠం దాటి పోయి, సుద్దముక్కతో బోర్డు మీద కింద ఒక తునక, పైన పెద్ద ఖండం గీసింది.

"మన దేశం ఎప్పుడూ ఇక్కడ లేదు. ఎక్కడో దక్షిణాన, సముద్రం అవతల ఉండేది. కోట్ల ఏండ్లు జరుగుకుంట జరుగుకుంట వచ్చి ఆసియాకు ఆనుకుంది. ఆనుకున్న కాడ నేల ముడతలు పడి లేసింది, అవే హిమాలయాలు. ఉత్తరం చలిగాలిని అవి ఇటు రానియ్యవు, మన మబ్బుల్ని అటు పోనియ్యవు. ఆ వానను బట్టి అడవి, అడవిని బట్టి మనం."

పొయ్యి దగ్గర గంటె చప్పుడు ఆగింది.

"అంటే టీచరమ్మా, మన దేశం కూడ ఇల్లరికమేనా?"

జెబా చేతిలో సుద్దముక్క గాల్లోనే ఉండిపోయింది. కాలేజీలో ఏ సారూ ఆమెను అంత మంచి ప్రశ్న అడగలేదు. "అవ్ పెద్దమ్మా. గట్లనే అనుకోవాలె."

"వచ్చి ఊకున్నదా, ఇంక జరుగుతున్నదా?"

"జరుగుతనే ఉంది. ఏడాదికి రెండు మూడు వేళ్లంత."

"మా అల్లునంతే." ఎర్రమ్మ మళ్లీ గంటె తిప్పింది. "మరి అత్తగారు ఏమనదా?"

"ఎప్పుడో ఒకసారి అంటది. అప్పుడే భూకంపం వస్తది."

ఎర్రమ్మ తృప్తిగా తలాడించి పప్పు దించింది.

ఆ నవ్వులు బడి వరకే. వరసగా మూడేళ్ల నుంచి గూడెంలో వాన లేదు. మబ్బులు పడమటి నుంచి వచ్చి, గుట్ట అవతల మనుషులు లేని టేకడవి మీద కుండలతో పోసినట్టు కురిసి, గుట్ట దిగి గూడెం మీదికి వచ్చేసరికి పిట్టలను కూడా తడపలేకపోయేవి. దూలయ్య ఆ ఏడు పత్తి గింజలు రెండుసార్లు పెట్టాడు. రెండుసార్లూ మొలకలు మాడిపోయాయి. చివరికి ఖమ్మం పక్కన గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్లు పాలిష్ చేసే పని చూసుకున్నాడు. శ్యామలను తీసుకుని సోమవారం పొద్దున పోతానని గుంజకు చెప్పాడు.

ఎర్రమ్మ ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సరిగ్గా తినలేదు. ఆ ఇంట్లో కూతురు లేని రోజు ఇంతవరకు లేదు. "ఉండండి" అంటే చాలునేమో, చిన్న మాటే. కానీ ఆ మాట ఎవరితో పంపాలి? పన్నెండేళ్లుగా ఆమె కోడితో తిట్టించింది గాని, బతిమాలించలేదు. శనివారం ఒకసారి పెట్టను ఒళ్లోకి తీసుకుని నోరు తెరిచింది. నోట్లోంచి తిట్టే వచ్చింది.

సోమవారం తొమ్మిదింటికి లాలు ఆటో జెబాను బడి ముందు దించి, ఎర్రమ్మ వాకిట్లో ఆగింది. శ్యామల కళ్లు తుడుచుకుంటూ మూట ఎక్కించింది. దూలయ్య రేకుపెట్టె పట్టుకుని గుంజ దగ్గర నిలబడ్డాడు.

"నెలకోసారి వస్తమని చెప్పు," అన్నాడు గుంజతో.

ఎర్రమ్మ పెరట్లో కోడికి నూకలు చల్లుతోంది. వాకిట్లోకి వినబడాలని గట్టిగా అరిచింది.

"ఏమే కోడీ, ఎవరాపిండ్రు? ఇన్నేండ్లు అత్తగారింట్ల కూసున్నడు. పొద్దుగూకులు అడ్డం కూసునుడు తప్ప ఈ అల్లుని వల్ల నాకు ఒక్క గింజ పండిందా? పొమ్మను! లేసి పొమ్మను! నేనేమన్న ఏడుస్తననుకుంటున్నడా?"

ఏడుస్తూనే ఉంది. దూలయ్య పెట్టె ఎత్తుకుని ఆటో ఎక్కాడు. ఆటో తూర్పు బాట పట్టి పోయింది.

అప్పుడు కంచె అవతల రాళ్లు దొర్లాయి. పడుకున్న బర్రె లేచినట్టు, గుట్ట మొదట వెనక భాగం ఎత్తి, తర్వాత ముందు భాగం ఎత్తి, దుమ్ము దులుపుకుని నిలబడింది.

"ఎర్రమ్మా! మీ పెద్దల్లుడు లేసిండు!" పక్కింటి ముసలి బొజ్జయ్య కేకేశాడు. "బాట మీద ఇప్పగింజలు ఆరబోసినోళ్లు జల్దీ తీయుండ్రి!"

జనం గింజలు ఎత్తుకుని, మేకపిల్లల్ని లాక్కుని పక్కకు జరిగారు. గుట్ట గూడెం చుట్టూ తిరిగి తూర్పుకు బయల్దేరింది. కోపం మీద ఉన్నా చూసుకునే నడిచింది. ఒక్క కంచె కర్ర విరగలేదు. ఎవరిదో గుమ్మడిపాదు అడ్డమొస్తే దాటి అడుగేసింది. దాని మీద మేస్తున్న మేకలు మేస్తూనే ఉన్నాయి.

జెబా పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి టేపు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గుట్ట నడకను చూసి టేపు మళ్లీ సంచిలో వేసుకుంది.

ఎర్రమ్మ పెరట్లో నూకల చేట పట్టుకుని కొయ్యబారిపోయింది. "అయ్యో టీచరమ్మా! నేనన్నది దాన్ని కాదు! అల్లుడంటె తననే అన్ననుకున్నది. అలిగి పోతున్నది!"

"మరి పిలువు పెద్దమ్మా, ఆపు!"

"అత్తను! ఎట్ల పిలుస్త?"

"కోడితోటి చెప్పిచ్చే టైం లేదు. ఉరుకు!"

ఎర్రమ్మ చేట పారేసి ఉరికింది. అరవై ఏళ్ల మనిషి పొలం గట్ల మీద పడి ఉరుకుతుంటే వెనకాల జెబా చెప్పులు చేత్తో పట్టుకుని ఉరికింది.

జూలూరుపాడు బాట మీద లాలు ఆటో ఆపేసి ఉన్నాడు. ఎదురుగా గుట్ట బాట దాటుతోంది. "మీ తోడల్లున్ని పోనియ్ దూలన్నా, ఎనక మనం పోదాం," అంటూ ఇంజన్ బంద్ చేశాడు. దూలయ్య దిగి నిలబడి చూస్తున్నాడు. తను పోతున్న రోజే ఇదెందుకు లేచిందో అతనికి తెలియలేదు. దాని తోక భాగం బాట దాటింది. లాలు ఇంజన్ స్టార్ట్ చేశాడు. దూలయ్య ఒక కాలు ఆటోలో పెట్టాడు.

"అల్లుడా! ఆగు! పోకు!"

ఎర్రమ్మ బాట మధ్యలో నిలబడి ఉంది. కొంగు నెత్తి మీద లేదు, ఎక్కడో గట్టున ముళ్లకు తగులుకుని జారిపోయింది. జుట్టు రేగిపోయింది. మొహం పక్కకు తిప్పుకోలేదు.

గుట్ట ఆగింది. ఆగి, వీపు గూడేనికి తిప్పి, ఉన్నచోటే చతికిలబడింది.

దూలయ్య కూడా ఆగాడు. ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద.

జెబాయే మొదట వెనక్కి తిరిగి చూసింది. పడమట ఏమీ లేదు. ఉన్నదంతా ఆకాశమే. గుట్ట వచ్చినప్పటి నుంచి దాని చాటునే ఉన్న ఆ దిక్కున, నల్లటి మబ్బులు ఎక్కడి నుంచి బయల్దేరి వస్తాయో అక్కడి నుంచీ కనబడుతున్నాయి. అవి అడ్డం లేకుండా గూడెం మీదికి వచ్చాయి, తూర్పున కొత్తగా కూర్చున్న గుట్టకు తగిలాయి, ఎక్కడానికి చూసి చల్లబడ్డాయి. పాఠంలో ఉన్నట్టే జరిగింది. జెబాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

వాన పెద్ద పెద్ద చినుకులతో మొదలై, చూస్తుండగానే బాట కనబడకుండా పట్టుకుంది. దూలయ్య తడుస్తూ చుట్టూ చూశాడు. ఒక మాట అడగాలి. ఆ బాట మీద గుంజ లేదు. చెట్టు కూడా దూరంగా ఉంది. ఇక దారి లేక అత్త మొహంలోకి చూశాడు, పన్నెండేళ్లలో మొదటిసారి.

"అత్తా, ఎవర్ని ఆగమన్నవ్?"

ఎర్రమ్మ గుట్టను చూసింది, అతన్ని చూసింది. కోడి కూడా దగ్గర లేదు.

"ఆగినోళ్లను," అంది.

ఆటోలోంచి శ్యామల పెద్దగా నవ్వింది. మూట తనే దించుకుంది.

ఆ రాత్రంతా కురిసి తెల్లవారి తెరిపిచ్చింది. గుట్ట తూర్పుకు మారింది కాబట్టి గూడేనికి ఎండ గంట ఆలస్యంగా వచ్చింది, పుంజులు అయోమయంగా రెండుసార్లు కూశాయి. జెబా కొత్త చోట మేకు పాతి, "అబ్బా, ఈసారి పక్కకు," అని ఉత్తరం మొదలుపెట్టింది. గూడెం ఇప్పుడు వాన చాటున లేదు. పేరు మాత్రం మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు.

ఎర్రమ్మ ఇంట్లో పెట్ట అలవాటుగా వచ్చి గడప ముందు నిలబడింది. గడప మీద దూలయ్య అడ్డంగా కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. పెట్ట చాలాసేపు మెడ సాచి ఎదురుచూసింది. ఎర్రమ్మ దాన్ని దాటుకుని వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"అల్లుడా, లే బిడ్డా," అంది. "పదునున్నది, నాగలి కట్టు."