చేతిదా, బండిదా?

షెడ్డులో రోజూ టీ కాచుకునే గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. ఇవాళ అందులో టీ లేదు. తీగకు వేలాడదీసిన థర్మోస్టాట్ వాల్వు ఉంది. మేస్త్రి గొంతుక్కూర్చుని రెప్ప వాల్చకుండా దాన్నే చూస్తున్నాడు. ఇంజనులో నీళ్ళు కాగాక తెరుచుకుని వాటిని రేడియేటరుకు వదిలే చిన్న తలుపు అది. అది బిగుసుకుపోయి ఉంటే తప్పంతా దానిదే. తెరుచుకోకే తల్లీ, అని మనసులో వేడుకున్నాడు. నువ్వు మూతి బిగిస్తే నా ప్రాణం కుదుటపడుతుంది.

నీళ్ళు సలసలమనగానే వాల్వు బుద్ధిగా నోరు తెరిచింది.

"దానికేం రోగం లేదన్నమాట," అన్నాడు వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఓనరు. "మరింకేం రోగమో తొందరగా చూడు. సాయంత్రం బండ్లొచ్చేసరికి నాకు తేలాలి."

లారీ బానెట్ ఎత్తి ఉంది. ఆ ఇంజనును విప్పి, అరిగినవన్నీ మార్చి, మళ్ళీ బిగించింది మేస్త్రే. బిగించిన మర్నాడే దానికి నిండా సిమెంటు ఎత్తారు. మైదానంలో లారీ పెళ్ళికూతురిలా నడిచింది. కొండ ఎక్కేటప్పుడు వేడి చూపించే సూది ఎర్రగీత దాటింది. డ్రైవరు బండి పక్కకు తీసి ఇంజను ఆపాడు, ఓనరుకు ఫోన్ చేశాడు. ఆ తర్వాత రేడియేటరు మూత తీశాడు. లోపల ఉడుకుతున్న నీళ్ళు ఒక్కసారిగా ఎగజిమ్మి అతని ముఖం మీద, ఛాతీ మీద పడ్డాయి. ఇప్పుడు ఆస్పత్రిలో కళ్ళకు కట్లతో పడుకుని ఉన్నాడు. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను సంగతి కట్టు విప్పితేగాని చెప్పలేమన్నారు.

అతన్ని అందరూ పొడుగన్న అంటారు. మేస్త్రి ఇల్లూ అతని ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఈ ఇంట్లో తుమ్మితే ఆ ఇంట్లోంచి "చిరంజీవ" అనేవాడు పొడుగన్న. రెండు రోజులుగా ఆ గోడ అవతల నుంచి చప్పుడు లేదు. చప్పుడు లేని గోడ పక్కన పడుకోవడం ఎంత కష్టమో మేస్త్రికి ఇప్పుడే తెలిసింది.

ఆ యార్డుకు ఒక ఆచారం ఉంది. ఇంజను కాలితే, దాన్ని బిగించిన మేస్త్రి అందరి ముందూ బానెట్ మీద చెయ్యి పెట్టి ఒక్క మాట చెప్పాలి. చేతిదా, బండిదా? చేతిది అంటే తప్పు డ్రైవరుది. అతనికి ఆ యార్డులోనే కాదు, ఆ రోడ్డు పొడవునా మరే యార్డులోనూ స్టీరింగు దొరకదు. ఆస్పత్రి ఖర్చు, సరుకు నష్టం అతని నెత్తినే. బండిది అంటే ఓనరు భరిస్తాడు. ఓనరు తండ్రి పెట్టిన ఆచారమట ఇది, న్యాయంగా ఉండాలని. ఇన్నేళ్ళలో బండిది అని ఎన్నిసార్లు తేలిందో చెప్పడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువ. మేస్త్రికి కూలి ఇచ్చేది ఓనరు మరి. తినే కంచంలో ఎవడు ఉమ్మేసుకుంటాడు?

వాల్వు సంగతి తేలాక మేస్త్రి మిగతావి చూశాడు. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. రేడియేటరు పైనుంచి బక్కెట్టు నీళ్ళు పోస్తే కిందినుంచి ధారగా దిగాయి. అందులో అడ్డు లేదు. మూత స్ప్రింగు బాగుంది. నీళ్ళు నింపి, మూత తీసి ఉంచి ఇంజను స్టార్ట్ చేశాడు. ఇంజను పైభాగమైన హెడ్డు వంగినా, దాని కింద అతుకు కాసే గ్యాస్కెట్ కాలినా నీళ్ళలో బుడగలు వస్తాయి. ఒక్క బుడగ కూడా రాలేదు.

"ఇంజను చెక్కుచెదరలేదయ్యా," అన్నాడు మేస్త్రి, తనకే నమ్మకం కుదరక. "ఎర్రగీత దాటగానే ఆపేశాడు. ఇంకాస్త దూరం లాగి ఉంటే హెడ్డు పోయేది."

కొత్త హెడ్డు వెల మేస్త్రి ఏడాది కూలికి తక్కువ ఉండదు. ఓనరు ముఖంలో దాని గురించి ఏ మార్పూ కనిపించలేదు.

"మిగిలింది కదా, సంతోషం," అన్నాడు. "కాగడం ఎందుకు కాగిందో చూడు."

అప్పుడే గేటు దగ్గర పొడుగన్న భార్య కనిపించింది. చేతిలో ఆస్పత్రికి తీసుకెళ్ళే క్యారియరు ఉంది. ఓనరును చూసి దూరంగానే ఆగిపోయింది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అటు నడిచాడు.

"అన్నయ్యా, ఇవాళేనట కదా," అంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఆయన రాత్రంతా ఒకటే మాట. మూత నేనై తీయలేదే, ఓనరు తీయమంటేనే తీశాను, చల్లారనివ్వండయ్యా అంటే లోడు సాయంత్రానికి దిగాలన్నాడు, అని. ఆ మాట ఎవరు నమ్ముతారన్నయ్యా? ఫోనులో మాటకి సాక్ష్యం ఎక్కణ్ణించి తేను?"

"నేను చూస్తున్నానమ్మా."

"నువ్వు చూస్తున్నావనే నాకు ధైర్యం. మరొకడైతే ఈపాటికి ఏ బావిలోనో పడేదాన్ని." గ్రీజు అంటుతుందని కూడా చూడకుండా అతని రెండు చేతులూ పట్టుకుంది. "నీకు తెలియని ఇంజనా? నువ్వు బిగించిందే కదా."

ఆ మాటకు మేస్త్రి ఒళ్ళు పొంగాలి. ఎందుకో పొంగలేదు. ఆమె వెళ్ళిపోయాక తిరిగి వచ్చి, ఇంజనుకు పైనున్న నీళ్ళ గొట్టం పట్టుకుని చూశాడు. చెయ్యి కాలింది. కింది గొట్టం పట్టుకున్నాడు. కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. అంటే నీళ్ళు తిరగడం లేదు. రేడియేటరు బాగుండి, వాల్వు బాగుండి నీళ్ళు తిరగకపోతే ఇక మిగిలింది పంపే.

పంపు విప్పాడు. దాని రెక్కలు కొత్త పళ్ళెంలా మెరుస్తున్నాయి. పంపు నీళ్ళను తోసే రంధ్రం ఇంజను బ్లాకులో నల్లగా నోరు తెరుచుకుని ఉంది. అందులోకి వేలు పెట్టాడు. వేలికి ఇనుము తగల్లేదు. మెత్తగా ఏదో తగిలింది.

మేస్త్రికి అంతా అర్థమైపోయింది. అయినా వంకర తీగతో లాగాడు. ముద్దయిన గుడ్డ ఒకటి, తుప్పునీళ్ళు కారుస్తూ, సాగుతూ సాగుతూ బయటికి వచ్చింది. పసుపు రంగు బాతు బొమ్మల గుడ్డ.

ఇంజను విప్పినప్పుడు రంధ్రాల్లో దుమ్ము పడకుండా గుడ్డలు కుక్కడం అతని అలవాటు. దానికోసం షెడ్డులో వేరే ఏమీ కొనరు కనుక ఇంటినుంచి పాత గుడ్డలు తెచ్చుకుంటాడు. ప్రతి గుడ్డకూ బెత్తెడు తోక బయటికి వేలాడేలా పెడతాడు, మరిచిపోకుండా. ఆ రోజు పక్కనే ఎవరో గ్రైండరు పెట్టి ఇనుపరజను రేపుతుంటే, తోక కూడా మిగల్చకుండా లోపలికంటా కుక్కాడు. సరిగ్గా అప్పుడే ఇంకో లారీ గేరుబాక్సు దించమని ఓనరు కేక వేశాడు. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతోంది, లోడు ఎదురు చూస్తోంది. పంపు ఎత్తి బిగించేశాడు.

"ఏంటది?" ఓనరు కుర్చీలోంచి లేచి వచ్చాడు. గుడ్డను చూశాడు. బాతుల్ని చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఓరి నీ! ఇంజనుకి గౌను తొడిగావా?"

మేస్త్రి గుడ్డను నేలకేసి పిండాడు.

"ఆ రోజు నేను చెప్పానయ్యా," అన్నాడు. "నీళ్ళు పోసి, కాగనిచ్చి, చల్లారాక మళ్ళీ పోసి, ఖాళీ బండిని ఒకసారి కొండెక్కించి చూద్దామని. అలా చూసుంటే ఇది అప్పుడే దొరికేది. మీరేగా దారిలో కాగుతాయిలే, ఎత్తండి లోడు అన్నారు."

"అన్నాను. గుడ్డ కుక్కమని కూడా నేనే అన్నానా?" ఓనరు గొంతు చల్లగా ఉంది. "విను. సాయంత్రం నువ్వు బండిది అన్నావనుకో, నేను ఈ గుడ్డ అందరికీ చూపిస్తాను. అప్పుడు ఆ ఆస్పత్రి నీ నెత్తిమీద. చేతిది అన్నావనుకో, ఇది పొయ్యిలోకి పోతుంది. మూడో కంటికి తెలీదు."

"వాడికి కన్ను పోయిందయ్యా."

"పోయింది ఎలాగూ రాదు కదా. ఉన్నవాళ్ళ సంగతి చూసుకో. నీకూ పెళ్ళాం, పిల్ల ఉన్నారు." మేస్త్రి భుజం మీద మెల్లగా తట్టాడు. "దాన్ని పొయ్యిలో పడెయ్."

"తడిగా ఉంది. ఆరాక వేస్తాను," అని మేస్త్రి గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. జేబులోంచి తడి తొడకు అంటుతోంది. ఎంత నీచుణ్ణి నేను, అనుకున్నాడు. వాల్వు తెరుచుకోకూడదని మొక్కిన మొక్కు గుర్తొచ్చింది. ఎవరో ఒకరి మీదికి తోసెయ్యాలని పొద్దుటి నుంచీ ఎంత వెతికాడు! ఓనరు మాత్రం తక్కువ వెతికాడా? ఇద్దరూ కలిసి వెతికింది తప్పును కాదు, తప్పు మోసేవాణ్ణి. దొరికినవాడు మంచం మీద ఉన్నాడు, మాట్లాడడానికి రాలేడు. ఎంత వీలుగా ఉంది! చేతిది అంటే రేపు కూడా కూలి ఉంటుంది, పిల్ల బడికి వెళుతుంది, గోడ అవతలి ఇల్లు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ ఇంట్లోకి ఎవరో కొత్తవాళ్ళు వస్తారు. అంతేగా?

అంతే అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా గొంతు దిగలేదు.

ఎండ వాలేవేళకు బండ్లన్నీ వచ్చాయి. డ్రైవర్లు విప్పిన ఇంజను చుట్టూ నిలబడ్డారు. పొడుగన్న భార్య ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి ఒక పక్కగా నిలుచుంది. అందరిలోకీ పెద్దవాడు హారన్ తాత. హారన్ కొట్టడమంటే బొత్తిగా ఇష్టంలేని మనిషి గనుక వెక్కిరింతకు ఆ పేరు పెట్టారు. ఆచారం ప్రకారం ప్రశ్న అడగవలసింది ఆయనే.

మేస్త్రి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. రేకు ఇంకా వెచ్చగా ఉంది.

"చేతిదా, బండిదా?" అన్నాడు తాత.

మేస్త్రి పొడుగన్న భార్యకేసి చూశాడు. ఓనరు గొంతు సవరించుకున్నాడు.

"నాయనా, చేతిదా, బండిదా?"

మేస్త్రి రెండో చెయ్యి జేబులో పెట్టి గుడ్డను బయటికి తీశాడు.

"చేతిది కాదు తాతా. సూది ఎర్రగీత దాటగానే వాడు ఇంజను ఆపేశాడు, అందుకే అది బతికింది. బండిదీ కాదు. ఇది నీళ్ళకి అడ్డం పడింది. నేనే కుక్కాను, నేనే మరిచిపోయాను. కాగబెట్టి చూద్దామన్నాను, చూడనివ్వలేదు. అయినా కుక్కింది నేనే."

పొడుగన్న భార్య ముందుకు వచ్చింది. అతని చేతిలోంచి గుడ్డ తీసుకుని, రెండు చేతులతో విడదీసి చూసింది.

"ఇది మా పాప గౌను," అంది. "నేను కుట్టిందే. పొట్టిదైతే మీ పిల్లకి ఇచ్చాను."

"అవునమ్మా."

"పొద్దున నీ చేతులు పట్టుకున్నాను కదా అన్నయ్యా."

ఆమె అరిచినా, కొట్టినా మేస్త్రి తట్టుకునేవాడు. ఆమె అంత మాత్రమే అని, తన అరచేతులకేసి చూసుకుంది. మేస్త్రికి భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. భూమికి అంత దయ ఎప్పుడుంది గనుక?

"అయిందా నాటకం?" ఓనరు ముందుకొచ్చాడు. "ఆచారంలో రెండే మాటలున్నాయి. మూడోది లేదు. చేతిదా, బండిదా? ఏదో ఒకటి చెప్పు."

"చెప్పను," అని మేస్త్రి బానెట్ మీదినుంచి చెయ్యి తీసేశాడు.

"అయితే నేనే చెప్తాను. చేతిది. మూత తీసిన చెయ్యి వాడిది, గుడ్డ పెట్టిన చెయ్యి వీడిది. ఇద్దరూ బయటికే. ఆస్పత్రి సంగతి వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు. గోడకి అటూ ఇటూ ఉండేవాళ్ళేగా!" ఓనరు చేతులు దులుపుకున్నాడు. "తియ్యండి బండ్లు. లోడ్లు ఎదురు చూస్తున్నాయి."

డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు తల వంచుకుని క్యాబిన్ ఎక్కాడు. అతనికి ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఇంకొకడు ఎక్కాడు. ఇంజన్లు ఒకటొకటిగా అందుకున్నాయి. మేస్త్రి వాళ్ళను తిట్టుకోలేదు. మధ్యాహ్నం తాను చేసుకున్న లెక్కే వాళ్ళూ చేసుకుంటున్నారు.

అన్నిటికంటే ముందు, గేటుకు అడ్డంగా ఉన్నది తాత లారీ. అది కదిలితేగాని మిగతావి కదలవు. తాత మెల్లగా ఎక్కి కూర్చున్నాడు. తాళం పెట్టాడు. దాని మీద చెయ్యి వేసి, అద్దంలోంచి, తడి గౌను పట్టుకుని నిలబడ్డ పొడుగన్న భార్యను చూశాడు.

"తాతా! తియ్యి!" ఓనరు కేక వేశాడు.

తాత తాళం తిప్పలేదు. బయటికి లాగి, డాష్‌బోర్డు మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

వెనకనుంచి ఒక హారన్ మోగింది. ఆ వెంటనే రెండోది, మూడోది. గేటు దాకా వచ్చి ఆగిన మేస్త్రి, ఆ మోత మధ్య, తెరిచి ఉన్న క్యాబిన్ తలుపులోంచి తాత ఒళ్ళోని చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు. అవి తాళం వైపు లేవడం లేదు.