సుక్కమ్మ కొడుకు పేరెత్తలేదు

శనివారం పట్టిన వాన ఆదివారం తెల్లవారినా ఆగలేదు. కోదాడ పక్కనున్న చిలుకూరు దగ్గరి ఒక ఊళ్లో, వాగు ఒడ్డు వాడకట్టులో శ్రీహరిది చివరి ఇల్లు. పాత పెంకుటిల్లు, పక్కనే బర్రెల కొట్టం. ఇంట్లోకి నీళ్లు ఊరుతున్నాయని శ్రీహరి భార్య వనిత బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని ఎదురింటి ఈదయ్య డాబా మీదికి ఎక్కింది. సంచి దించి వెనక్కి తిరిగేలోపే పైన చెరువు కట్ట తెగిందని అరుపులు వినిపించాయి. అరుపుల వెనకే నీళ్లు వచ్చాయి.

శ్రీహరి ఆరేళ్ల కూతురు పూర్ణిమను భుజానికెత్తుకుని, తల్లి సుక్కమ్మ చెయ్యి పట్టుకుని సందులోకి దిగాడు. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. సందు మధ్యకు వచ్చేసరికి కొట్టం గోడ కూలి వరదంతా వాళ్ల మీదికి తిరిగింది. పూర్ణిమ జారి నీళ్లలో పడింది. శ్రీహరి ఒక చేత్తో బిడ్డ జుట్టు దొరకబుచ్చుకున్నాడు. రెండో చేతిలో తల్లి ఉంది. కాళ్లు నేల మీద ఆనడం లేదు. కరెంటు స్తంభం పక్కనే ఉంది కానీ పట్టుకోవడానికి చెయ్యి లేదు.

“ఇడిసిపెట్టురా” అంది సుక్కమ్మ.

డాబా మీదున్న వనితకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. శ్రీహరి తల్లి ముఖంలోకి చూడడం, తర్వాత వదిలెయ్యడం కూడా ఆమె కళ్లారా చూసింది. ఎర్రటి నీళ్లలో అత్త పచ్చచీర ఒకసారి పైకి తేలి, మలుపు దగ్గర మాయమైంది.

ఖాళీ అయిన చేత్తో స్తంభం పట్టుకుని నిలదొక్కుకుని, బిడ్డను డాబా మెట్ల మీద వనిత చేతికిచ్చి శ్రీహరి మళ్లీ నీళ్లలోకి దూకబోయాడు. ఈదయ్యా ఆయన కొడుకులూ పట్టి ఆపారు. నీళ్లు కాస్త తగ్గాక అతను వాగు వెంబడి పరుగెత్తాడు. వాలిపోయిన వరిచేలలో, బురదలో, చచ్చి ఉబ్బిన బర్రెల మధ్య తల్లిని పిలుస్తూ తిరిగాడు. గొంతు పోయినా ఆపలేదు.

మధ్యాహ్నం దాటాక కబురు వచ్చింది. కిందున్న పొలాల దగ్గర తుమ్మచెట్టుకు చిక్కుకుని సుక్కమ్మ ప్రాణాలతో దొరికింది. ఒళ్లంతా ముళ్లు, ఒక కాలు విరిగింది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతున్నారు. ఆ మాట విని వనిత రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. శ్రీహరి మాత్రం ఉన్నచోటే బురదలో కూలబడ్డాడు. పద పోదాం అని వనిత చెయ్యి పట్టి లాగితే లేవలేదు. తల్లి చనిపోయిందనుకున్నంతసేపూ ఆమె కోసం పరుగెత్తిన మనిషి, బతికిందనగానే ఆమె ముందుకు పోలేకపోయాడు.

దవాఖానలో అత్త దగ్గర వనితే ఉంది. కాలికి ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. వీపులో విరిగిన ముళ్లను నర్సులు రోజూ కొన్ని తీసేవాళ్లు. స్పృహ బాగా వచ్చాక సుక్కమ్మ మనుమరాలి గురించి అడిగింది. బర్రెల గురించి అడిగింది. ఇల్లు నిలిచిందా అని అడిగింది. నిలవలేదని చెప్పింది వనిత. ఇక కొడుకు గురించి అడుగుతుందని ఎదురుచూసింది. సుక్కమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఆమె నోట శ్రీహరి పేరు రాలేదు.

ఊళ్లో ఉండడానికి ఏమీ మిగల్లేదు. ఇల్లున్నచోట మట్టికుప్ప, పొలంలో మోకాలెత్తు ఇసుక మేట. వరదప్పుడు బడిలో తలదాచుకున్న ఊరివాళ్లంతా ఎవరి దారిన వాళ్లు చెదిరిపోయారు. వనిత కోదాడలో ఒక గది కిరాయికి తీసుకుని బట్టల దుకాణంలో పనికి కుదిరింది. పూర్ణిమ నల్లా తిప్పిన చప్పుడుకే చెవులు మూసుకుని ఏడ్చేది. తడిగుడ్డతో ఒళ్లు తుడవడం తప్ప స్నానం చేయించే వీలు లేదు. శ్రీహరి మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ పనికి పోయాడు. పోయేముందు భార్యతో పట్టుమని నాలుగు మాటలు మాట్లాడలేదు.

సుక్కమ్మను దవాఖాన నుంచి పెద్దకూతురు స్వరూప నేరేడుచర్లలో తన ఇంటికి తీసుకుపోయింది. స్వరూపకు తమ్ముడంటే ప్రాణం. అయినా తల్లి వీపు మీది గాయాలకు మందు రాసినప్పుడల్లా ఆమె కడుపు మండిపోయేది. తల్లిని నీళ్లపాలు చేసినవాడు తన గడప తొక్కొద్దని చుట్టాల ముందే అనేసింది. ఆ మాట శ్రీహరి దాకా పోయింది. ఆ తర్వాత అతను ఫోన్ ఎత్తడమే మానేశాడు.

ఒకరోజు పొద్దున్నే వనితకు ఫోన్ వచ్చింది. మిల్లులో శ్రీహరితో పాటు మూటలు మోసే చిరంజీవి. శ్రీహరి సరిగా తినడం లేదని, ఎవరితో మాట్లాడడని, పని అయిపోయాక సాగర్ కాలువ గట్టు మీదికి పోయి కూర్చుంటున్నాడని చెప్పాడు. చివరికి గొంతు తగ్గించి, “వదినా, అన్నను ఒక్కన్ని ఉండనియ్యకుండ్రి. నిన్న నేనే గుంజుకొచ్చిన” అన్నాడు.

వనిత పూర్ణిమను ఇంటి ఓనరు సుందరమ్మ దగ్గర వదిలి బస్సెక్కింది. నేరుగా మిర్యాలగూడ పోదామనే బయలుదేరింది. కానీ తను ఒక్కతే పోయి ఏం చెప్పాలి? తన మాట అతని చెవికెక్కే రోజులు కావవి. దారిలో నేరేడుచర్ల రాగానే దిగిపోయింది.

సుక్కమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. వనిత ఆమె కాళ్ల దగ్గర కూలబడి, చిరంజీవి చెప్పిందంతా చెప్పింది. “అత్తమ్మా, నువ్వొక్కసారి వచ్చి ఆయన కండ్లకు కనపడు. ఏం మాట్లాడకున్నా సరే.”

స్వరూప లోపలినుంచి వచ్చింది. తన మాట తమ్ముణ్ని ఎక్కడికి నెట్టిందో ఆమెకు అర్థమైంది. అయినా పంతం వదలక, నడవలేని మనిషిని అంత దూరం ఎట్లా తిప్పుతావని వనిత మీద కసురుకుంది.

సుక్కమ్మ ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

“ఇడిసిపెట్టుమన్నది నేనే. పోరి పాణం దక్కాలని నేనే అన్న. కాని ఆడు నిజంగ ఇడిసేసరికి నా పాణం కలుక్కుమన్నది బిడ్డా. అనంగనే ఇడుస్తడనుకోలే. జరంతసేపన్న పట్టుకుంటడనుకున్న. ఆని తప్పేం లేదని నాకెరుకే. ఎరుకున్నా ఆని పేరు నోటికి వస్తలేదు. ఏం జెయ్యమంటవ్?”

జరంతసేపు పట్టుకుని ఉంటే ముగ్గురూ పోయేవాళ్లని వనితకు తెలుసు. అత్తకూ తెలుసు. తెలిసినదాన్ని మళ్లీ చెప్పి ఏం లాభం? ఆమె అత్త కాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. వరద వచ్చిన నాటి నుంచీ అందరికీ ధైర్యం చెబుతూ తిరిగిన మనిషి, అప్పుడు మొదటిసారి ఏడ్చింది.

“నా కట్టె అందుకో” అంది సుక్కమ్మ కూతురితో.

స్వరూప కట్టె తెచ్చి, తల్లి చేతికివ్వకుండా తనే పట్టుకుని, తానూ వస్తానని చెప్పులేసుకుంది. ముగ్గురూ షేర్ ఆటోలో ఇరుక్కుని మిర్యాలగూడ చేరారు.

మిల్లు ఆవరణంతా ఊకదుమ్ము. శ్రీహరి వీపున వడ్ల మూటతో లారీ దగ్గర ఉన్నాడు. వనిత మొదట గుర్తుపట్టలేకపోయింది. బుగ్గలు పీక్కుపోయి, గడ్డం పెరిగి, తండ్రి వయసు మనిషిలా ఉన్నాడు. తల్లిని చూడగానే మూట జారిపోయింది. దగ్గరికి రాలేదు. పారిపోనూ లేదు. సుక్కమ్మే కట్టె పొడుచుకుంటూ, కుంటి కాలు ఈడ్చుకుంటూ అతని ముందుకు పోయి నిలబడింది.

“నేను ఇడిసిపెట్టిన అమ్మా” అన్నాడు శ్రీహరి.

“ఎరుకేరా. నేను గాడనే ఉన్న గద.”

సుక్కమ్మ కట్టె మీద ఆనుకుంది.

“నీ మీద నాకు కోపమున్నది. ఎన్ని దినాలుంటదో నాకే తెల్వదు. అది పొయ్యేదాక నా కండ్ల ముందట ఉండు. నువ్వు గీడ దాక్కుంటే నేను ఎవని మీద కోపం జెయ్యాలె? శ్రీహరీ, ఇల్లు పోయింది, గొడ్లు పోయినయ్. నువ్వు గిట్ల పోతే, గా తుమ్మచెట్టు మీద నేను పాణం బిగబట్టుకున్నది ఎందుకురా?”

శ్రీహరి మోకాళ్ల మీద పడిపోయాడు. ఏడుపు చప్పుడు లేకుండా ఒళ్లంతా ఊపేసింది. స్వరూప పోయి తమ్ముడి తల తన పొట్టకు అదుముకుంది. చిరంజీవి అతని బట్టల సంచి తెచ్చి వనిత చేతికిచ్చాడు.

కోదాడ గదిలోకి నలుగురూ చేరారు. అంతమందికి గది చాలదని సుందరమ్మ గొణిగింది కానీ, రెండో రోజు తన పాత మంచం సుక్కమ్మ కోసం పంపింది. అన్నీ ఒక్కసారిగా చక్కబడలేదు. సుక్కమ్మ కొడుకుతో అవసరానికి ఒక మాట, అంతే. ఒక్కోరోజు అతను పళ్లెం అందిస్తే ముఖం తిప్పుకునేది. అతను పళ్లెం అక్కడే పెట్టి, ఆమె తినేదాకా గోడకానుకుని కూర్చునేవాడు. వాన చప్పుడైతే పూర్ణిమ నాయనమ్మ కొంగులో దూరేది, సుక్కమ్మ తన వణుకు బిడ్డకు తెలియకుండా ఏదో కథ ఎత్తుకునేది. తల్లీకొడుకుల మధ్య నలుగుతూ, ఈ ఇల్లు మళ్లీ ఇల్లవుతుందా అని వనిత దుకాణంలో చీరలు మడతపెడుతూ తనను తానే ప్రశ్నించుకునేది.

చలికాలం మొదలయ్యాక, పొలం చూస్తానని సుక్కమ్మ పట్టుబట్టింది. అందరూ కలిసి ఊరికి పోయారు. ఇసుక అట్లాగే ఉంది. శ్రీహరి ఈదయ్య దగ్గర పార అడిగి తెచ్చి, ఒక మూల ఎత్తిపోయడం మొదలుపెట్టాడు. అంత మేటను ఒక్క మనిషి ఎత్తడం అయ్యేపని కాదని అక్కడున్న అందరికీ తెలుసు. గట్టు మీద కూర్చున్న సుక్కమ్మ కాసేపు చూసి ఉండబట్టలేక, ఇసుకను నీటి కాలువ వైపు పోస్తే మళ్లీ చేనులోకే వస్తుందని కేకేసింది. ఇన్నేళ్లు వ్యవసాయం చేసి కూడా తెలివి రాలేదని తిట్టింది.

శ్రీహరి పార ఆపాడు. చెమట తుడుచుకుని తల్లి వైపు చూశాడు.

“మరి యాడ పొయ్యాలె? నీ నెత్తి మీద పొయ్యాల్నా?” అన్నాడు.

సుక్కమ్మ ఇంకో రెండు తిట్లు ఎక్కువే తిట్టింది. వరదకు ముందు పొద్దు లేచింది మొదలు ఆ తల్లీకొడుకులు ఇట్లాగే కీచులాడుకునేవాళ్లు, అప్పట్లో వనితకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడామె ఏమీ అనకుండా తట్ట అందుకుని, మగని పక్కకు పోయి ఇసుక ఎత్తసాగింది.