సిరి కోసం ప్రార్థన

యేసుదాసు మాస్టారు ఆళ్లగడ్డ చర్చిలో ప్రార్థన చీటీ రాసేటప్పుడు కూడా ఒక్క మాట ఎక్కువ వాడరు. ఆ ఆదివారం ఇలా రాశారు: "మా ఇంట్లో సిరికి చంకలో నరం గడ్డ అని అనుమానం. మధ్యాహ్నం నంద్యాలలో స్కానింగు." పాస్టరుగారు చదివారు. సంఘమంతా కళ్లు మూసుకుంది.

సిరి కుక్క అని ఆయన రాయలేదు. ఊరందరికీ అది నిర్మలమ్మ కుక్క. దాని పేరు ఎవరూ అడగలేదు. మాస్టారి భార్య నిర్మలమ్మ పోయి ఏడు నెలలు.

ఐదు నెలలుగా అది కుంటుతోంది. ముల్లన్నారు, బెణికిందన్నారు, కట్టు కూడా కట్టారు. పశువుల డాక్టరు పూర్ణిమ మాత్రం చంకలో తడిమి చూసి, "వెన్నులోకి పాకి ఉంటే చేసేదేమీ లేదు సార్. చంకలోనే ఆగి ఉంటే కాలు తీసేసి బతికించుకోవచ్చు. స్కానింగులోనే తేలాలి" అంది. స్కానింగు సెంటరువాళ్లను బతిమాలి, మనుషులు లేని వేళకు ఒప్పించింది కూడా ఆమే.

సిరికి మత్తిచ్చి లోపలికి తీసుకెళ్లారు. యంత్రం దగ్గరికి ఇనుము రాకూడదని మెడపట్టీ విప్పి మాస్టారి చేతికిచ్చారు. లోపల యంత్రం రోకళ్లతో దంచినట్టు మోగుతోంది.

అంతలో ఆటో దిగింది బాలమ్మ, వెనక చర్చి ఆడవాళ్లు ముగ్గురు. బ్రెడ్డు, బత్తాయిలు, హార్లిక్స్ సీసా.

"వందనాలు సారూ! యాడుంది సిరి? నిర్మలక్క చెల్లెలి కూతురా?"

"కాదమ్మా."

"ఎన్నేండ్లు?"

"ఎనిమిది."

"అయ్యో, పసిబిడ్డ!"

నలుగురూ అక్కడే మోకరించారు. ప్రార్థన మొదలయ్యాక మధ్యలో మాట్లాడే అలవాటు మాస్టారికి లేదు. బాలమ్మ బిడ్డకు ఆరోగ్యం అడిగింది, చదువు అడిగింది, తాగుబోతు కాని మొగుణ్ణి కూడా అడిగింది.

"ఆమెన్" అనగానే తలుపు తెరుచుకుంది. స్ట్రెచరు మీద సిరి, నాలుక పక్కకు వేలాడేసుకుని.

"ఏంది సారూ, ఇది కుక్క కదా!"

"అవునమ్మా."

"చెప్పాల్నా వద్దా? పెండ్లి దాకా పోతి నేను!"

పూర్ణిమ ఫిలిమును వెలుతురుకు ఎత్తి పట్టింది. "గడ్డే సార్. కానీ చంక దాటలేదు. వెన్ను శుభ్రంగా ఉంది. కాలొక్కటే పోతుంది."

మాస్టారు మెడపట్టీని వేళ్లకు చుట్టుకున్నారు, విప్పారు, మళ్లీ చుట్టుకున్నారు. తర్వాత, ఎవరూ అడగకుండానే, "దీన్ని నిర్మల పాలసీసాతో పెంచింది" అన్నారు. ఏడు నెలలుగా ఆయన నోట ఆ పేరు ఎవరూ వినలేదు.

బాలమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. హార్లిక్స్ సీసా తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"కుక్కలు ఇది తాగుతాయా సారూ?"

"తెలీదమ్మా."

"తాపి చూడండి. మూడు కాళ్లతో నడవాలంటే బలం కావల్ల."