తేదీ వేసే బటన్

మా కోల్డ్ స్టోరేజీలో ఏ రోజు ఫైలు ఆ రోజుదే. పొద్దున్నే కంప్యూటర్లో ఆ తేదీ పేరుతో ఎక్సెల్ ఫైలు తెరవాలి. ఒక్కో గదిలో చలి ఎంత ఉందో అందులో ఎక్కించాలి. అది లేకపోతే కొనేవాళ్లు చేపల పెట్టె ముట్టుకోరు. గదుల్లోకి వెళ్లి చలి చూసేది నేను. ఫైలు పని మా కోడలిది.

కోడలి చెల్లెలికి నెలలు నిండాయి. ఆ పిల్లకు అక్క తప్ప ఎవరూ లేరు. కోడలు సెలవు అడిగితే యజమాని, "నువ్వు లేకుండా ఫైలు తయారైతే నిక్షేపంగా వెళ్లమ్మా" అన్నాడు. తయారు కాదని ఆయన ధీమా.

కోడలు పట్టు పట్టింది. నిన్నటి ఫైలు కాపీ చేయడం, అంకెలు చెరపడం, పేరు మార్చడం రోజూ తను చేసే పని. అది కంప్యూటరే చేసేట్టు మాక్రో అని ఒకటి రాసింది. అదేమిటని అడిగాను.

"చెయ్యాల్సిన పనులన్నీ దానికి ముందే వరసగా చెప్పి పెట్టడం, మామయ్యా. ఈ బటన్ నొక్కండి. ఇవాళ్టి తేదీతో ఖాళీ ఫైలు మీ ముందుకొస్తుంది. అంకెలు కొట్టి, సేవ్ చేసి, మూసెయ్యండి."

తెర మీద ఆకుపచ్చ బటన్ పెట్టింది. నేను అక్షరాలు కూడబలుక్కోవాలిగానీ అంకెలు వచ్చు.

మొదటి రోజు నొక్కాను. ఫైలు వచ్చింది. అన్ని గదుల అంకెలూ కొట్టి మూసేశాను. మధ్యాహ్నం యజమాని తెరిచి చూస్తే తేదీ ఉంది, అంకెలు లేవు.

"ఏం పెద్దాయనా, గదుల్లోకి వెళ్లావా, ఎండలో కూర్చున్నావా?"

"కొట్టాను."

"కొడితే ఎక్కడికి పోయాయి? చలికి గడ్డకట్టాయా?"

పెట్టెలు మోసేవాళ్లు పగలబడి నవ్వారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కోడలు నొక్కితే అన్నీ ఉంటాయి. నేను నొక్కితే ఒక్క అంకె మిగలదు. ఆ కంప్యూటర్‌ను ఎత్తి నేలకు కొట్టాలన్నంత కోపం వచ్చింది. రాసినదంతా కోడలు మళ్లీ మళ్లీ చూసుకుంది. తప్పు దొరకలేదు. అటు చెల్లెలు రోజూ ఫోన్ చేస్తోంది.

"మామయ్యా, మీరేం చేశారో మొత్తం చెప్పండి" అంది ఇంటికొచ్చాక.

"నువ్వు చెప్పిందే చేశాను."

"రాయితో మాట్లాడినా ఇంకో ముక్క ఎక్కువ చెబుతుంది" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

మర్నాడు నా వెనకే నిలబడింది. అంకెలు కొట్టాను. సేవ్ చేసి మూశాను. ఆకుపచ్చ బటన్ నొక్కి లేచాను.

"ఆగండాగండి! మళ్లీ ఎందుకు నొక్కారు?"

"పని అయిపోయిందిగా."

ఆమెకు అర్థం కాలేదు. చలి గది తలుపు వైపు చూపించాను. ఆ తలుపు పక్కన ఒక బటన్ ఉంటుంది. లోపలికి వెళ్తూ నొక్కితే బయట ఎర్ర దీపం వెలుగుతుంది, మనిషి ఉన్నాడని ఎవరూ తాళం వెయ్యరు. బయటికొచ్చి మళ్లీ నొక్కి ఆర్పాలి. మరిచిపోతే జనం మన కోసం వెతుకుతారు. ఏళ్ల తరబడి నా చెయ్యి అలా అలవాటు పడింది. ఏ పనైనా మొదట నొక్కుతుంది, అయ్యాక నొక్కుతుంది.

కోడలు తల పట్టుకుని కూర్చుంది.

"మీరు నొక్కినప్పుడల్లా అదే తేదీతో ఇంకో ఖాళీ ఫైలు వచ్చి, నింపినదాన్ని చెరిపేస్తోంది మామయ్యా. ఆ పేరుతో పాతది ఉంది, తీసెయ్యనా అని అది అడిగేదే. మీరు తికమకపడతారని నేనే దాని నోరు మూయించాను. మళ్లీ నొక్కుతున్నానని ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"అడగలేదుగా."

"అడిగాను! నిన్న ఇంట్లో నించుని అడిగాను!"

నిజంగానే కోపం వచ్చింది ఆమెకు. ఆ కోపంతోనే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ తేదీ ఫైలు ముందే ఉంటే దాన్నే తెరవాలిగానీ కొత్తది చెయ్యకూడదని మాక్రో మార్చింది. ఇక ఎన్నిసార్లు నొక్కినా అంకెలు పోవు.

యజమానికి చూపిస్తే, "ఇంకో వారం చూద్దాంలే" అన్నాడు. అంతటితో ఊరుకోక, తన కళ్ల ముందు ఉండాలని ఆ బటన్ ఉన్న ఫైలు తన కంప్యూటర్లోకి మార్పించాడు.

ఆ సాయంత్రమే చెల్లెలి పక్కింటావిడ ఫోన్ చేసింది. నొప్పులు మొదలయ్యాయట. కోడలు సంచి భుజాన వేసుకుంది.

"మాటంటే మాటే అమ్మాయ్" అన్నాడు యజమాని. "రేపు ఫైలు రాకపోతే?"

కోడలు నా వైపు చూసింది.

"వస్తుంది. నువ్వు పో" అన్నాను.

వెళ్లింది.

మర్నాడు పొద్దున్న యజమాని కంప్యూటర్ ముందు కూర్చుని బటన్ నొక్కాను. ఏమీ రాలేదు. తెర పైభాగాన పసుపు పట్టీ ఒకటి, దాని నిండా ఇంగ్లీషు, చివర బటన్ లాంటి చిన్న గడి. నిన్నటిదాకా కోడలి కంప్యూటర్లో ఆ పట్టీ లేదు. మళ్లీ నొక్కాను. రాలేదు. గట్టిగా నొక్కాను. గట్టిగా నొక్కితే వస్తుందా, నా పిచ్చిగానీ.

"ఏం పెద్దాయనా, కోడలి మంత్రం పారలేదా?"

"వస్తుంది."

"ఎప్పుడు, వచ్చే జన్మలోనా? బయట లారీ నిలబడి ఉంది!"

ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లాను. కోడలు వెంటనే ఎత్తింది.

"మామయ్యా! ఆడపిల్ల! నా చేతుల్లోనే ఉంది. ఎంత జుట్టో దీనికి!"

వెనకనించి చెల్లెలి గొంతు నీరసంగా, "తల పట్టుకో అక్కా, తల పట్టుకో" అంటోంది.

"ఇద్దరూ బాగున్నారా?" అన్నాను.

"బాగున్నారు. రాత్రంతా చెల్లి నా చెయ్యి వదల్లేదు మామయ్యా. నేను రాకపోయుంటే..." అని ఆగింది. "అవునూ, ఫైలు వచ్చిందా?"

పసుపు పట్టీ సంగతి నాలిక చివర ఉంది.

"వచ్చింది. పిల్లని చూసుకో."

ఫోన్ పెట్టేసి లోపలికొచ్చాను. పట్టీ అక్కడే ఉంది. యజమాని అరుస్తున్నాడు. కుర్చీ ముందుకు లాక్కుని, ఆ ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కోవడం మొదలుపెట్టాను.