మూడు దిక్కుల గడప

నేను ఒక ద్వారబంధాన్ని. కింద గడప, రెండు పక్కలా నిలువు చెక్కలు, నెత్తిన ఒక అడ్డచెక్క. నా ఒళ్ళంతా ఇంతే. ఇంటి మొదటి వాకిలికి బిగించారు కాబట్టి నన్ను సింహద్వారం అంటారు. ఆ పేరు వింటే నాకే నవ్వొస్తుంది. సింహం ఎక్కడైనా ఇన్నిసార్లు గుహ మారుస్తుందా? పిల్లి తన కూనల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు నన్ను ఒకే ఇంట్లో గోడగోడకీ తిప్పారు. అలసిపోయాను. టేకు చెక్కకి అలుపేమిటి అనకండి. మీ ఇంటి తలుపుని ఒకసారి అడిగి చూడండి.

నేను పుట్టింది బల్లార్షా అడవిలో, పెరిగింది సికింద్రాబాదులో, పడమటి మారేడ్‌పల్లిలో. రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన సీతాపతిరావు గారు అక్కడ స్థలం కొని, రాతి గోడలూ పెంకుల కప్పూ వేసి, తన మనసుకి నచ్చినట్టు ఒక ఇల్లు కట్టుకున్నారు. వీరాచారి అనే వడ్రంగి నన్ను చెక్కాడు. నా కింద నవధాన్యాలూ పంచలోహాలూ వేసి, పసుపు రాసి, వీధి వైపు అంటే పడమటి ముఖంగా నిలబెట్టారు. ద్వారం నైరుతి మూలకి జరిగింది, అరిష్టం అని ఎవరో గొణిగితే, సాయంత్రం గాలి రావాలి, కుర్చీలో కూర్చుంటే వచ్చేవాడి మొహం కనపడాలి, నా వాస్తు అంతే అన్నారాయన. ఆ కుర్చీలోనే చాలా ఏళ్ళు బతికి, నిద్రలో పోయారు. అరిష్టం ఆయన్ని చూసి మర్యాదగా పక్కకి తప్పుకుందేమో నాకు తెలియదు.

ఆ కాలనీ మనుషుల గురించి ఒక మాట చెప్పాలి. మాది పాత కాలనీ, నైజాం నాటి చెట్లు ఉన్నాయి అని చుట్టాలకి గొప్పగా చెప్పుకుంటారు. సొంత ఇంట్లో పాతది ఒక్కటి కనపడితే మాత్రం నిద్రపట్టదు. పెంకులు పీకి స్లాబు పోస్తారు. షాబాదు బండలు తీసి మొజాయిక్, మొజాయిక్ తీసి పాలరాయి, పాలరాయి తీసి జారిపడే టైల్సు. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దలు కట్టినదాన్ని ఊరికే ఉంచి చూడు అనలేదు కదా, అదే వచ్చిన చిక్కు.

సీతాపతిరావు గారి తరువాత ఇల్లు కొన్నది నరహరి అనే వకీలు. ఆయన వరసగా కేసులు ఓడిపోయాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, వాదించలేక వాకిలి వంకర అన్నాడు. ఒక సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని వచ్చి ఉత్తరం శుభం అన్నాడు. మొదటిసారి నా కింద గునపం దిగింది అప్పుడే. ఆ గోడకి ఎత్తు చాలక నా కాళ్ళు కోశారు. వకీలు గారు మనిషి పొడగరి. నన్ను దాటిన ప్రతిసారీ నెత్తి కొట్టుకునేవాడు. ఇంకో గమ్మత్తు, ఉత్తరం వైపు అప్పటికే స్నానాల గది ఉంది. వీధిలోంచి వచ్చిన కక్షిదార్లు సన్నటి సందు తిరిగి, నన్ను వదిలేసి, దాని తలుపు తట్టేవారు. కేసులు మాత్రం ఓడుతూనే ఉన్నాయి. చివరికి ఇల్లమ్మేసి మలక్‌పేట వెళ్ళిపోయాడు.

తరువాత వచ్చినవాళ్ళే మనోహర్, శ్యామల. మనోహర్‌కి రాణిగంజ్‌లో పంపుసెట్ల దుకాణం. మంచివాడు. దుకాణం నుంచి రాగానే చెప్పులు సరిగ్గా విడిచి, నన్ను ఒకసారి చేత్తో తాకి లోపలికి వచ్చేవాడు. శ్యామల శుక్రవారం శుక్రవారం నాకు పసుపు రాసి బొట్లు పెట్టేది. రాస్తూ రాస్తూ ఏదో పాట తీసేది. ఆ ఇంట్లో నేను సుఖపడతానని అనుకున్నాను.

ఏడాది తిరక్కుండా ఆమె కడుపుతో ఉందన్నారు. మూడో నెల దాటకముందే కడుపు పోయింది. డాక్టరమ్మ ఇలా చాలామందికి అవుతుంది, ఎవరి తప్పూ కాదు అని చెప్పిందట. ఆ మాట శ్యామల నమ్మింది. మనోహర్ నమ్మలేకపోయాడు. ఎవరి తప్పూ కాని దుఃఖాన్ని మోయడం మగవాడికి రాదు. ఎవరో ఒకరిని పట్టుకోవాలి. వాళ్ళావిణ్ణి పట్టుకోలేదు, అంతవరకూ ఆయనకి దండం పెట్టాలి. నన్ను పట్టుకున్నాడు. కొత్త సిద్ధాంతి వచ్చి, సంతానానికి తూర్పు వాకిలి అన్నాడు. ఇప్పుడే వద్దండీ, ఇల్లంతా దుమ్మవుతుంది, నన్ను కొన్నాళ్ళు ఊరికే పడుకోనివ్వండి అని శ్యామల బతిమాలింది. నీ కోసమే కదా అన్నాడు. నన్ను లేపి ఇంటి వెనక్కి తీసుకుపోయి నిలబెట్టారు. వీధి పడమర, నా ముఖం తూర్పు. ఎదురుగా రెండు బారల దూరంలో పక్కింటి ప్రహరీ గోడ. అప్పటి నుంచి నేను ఆ గోడనే చూస్తున్నాను. గ్యాసు బండ తెచ్చేవాడు కూడా ఇంటి చుట్టూ తిరిగి రావలసిందే.

రెండో బిడ్డ ఐదో నెలలో పోయింది. ఈసారి నా ముందరి మెట్లది తప్పన్నారు. ఆమె ఇంకా ఆసుపత్రి నుంచి రాకముందే మెట్లు కూల్చారు. వచ్చాక, కూలిన ఇటుకల మధ్య చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, నా మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. ఆ రోజు నుంచి పసుపు రాసేటప్పుడు పాట లేదు. నాకు ఏడుపొచ్చింది. చెక్కలు ఏడిస్తే చెమ్మ అంటారు మీరు.

మొన్న చలికాలంలో మూడో సిద్ధాంతి వచ్చాడు. పాపం ఈయన చాలా నెమ్మదస్తుడు. కొబ్బరినీళ్ళు తాగి, ఇల్లంతా తిరిగి, తూర్పు ద్వారం పెట్టినవాడెవడో గాని శాస్త్రం చదవలేదు, దక్షిణ ఆగ్నేయానికి మార్చండి అన్నాడు. నర్సింలు మేస్త్రీ వచ్చి నన్ను తట్టి చూశాడు. కాళ్ళు మెత్తబడ్డాయి, ఈసారి లేపితే మళ్ళీ నిలబడుతుందో లేదో చెప్పలేను అన్నాడు. పోతే కొత్తది పెడదాం అన్నాడు మనోహర్. నాకు కోపం రాలేదు. అయిపోతే అయిపోనీ అనిపించింది. శ్యామల మాత్రం ఆ రాత్రి అన్నం దగ్గర మళ్ళీ అడిగింది, ఇంక చాలు, ఇది వదిలేద్దాం అని. మేస్త్రీకి మాటిచ్చేశాను అన్నాడాయన.

ముహూర్తం నాడు మనోహర్ కొబ్బరికాయ కొట్టి, పని మొదలుపెట్టమని చెప్పి దుకాణానికి వెళ్ళాడు. నర్సింలు తువ్వాలు తలకి చుట్టుకుని నా కింద గునపం దూర్చాడు. అప్పుడు వంటింట్లోంచి శ్యామల వచ్చి నా పక్కన నిలబడింది. గొంతు పెంచలేదు.

"నర్సింలూ, గునపం దించు. నేను నీళ్ళోసుకున్న."

ఇంట్లో కడుపుతో ఉన్న ఆడమనిషి ఉంటే గడప ఎత్తకూడదు. ఏ శాస్త్రం చదవనివాడికైనా తెలిసిన సంగతి ఇది. నర్సింలు కాలిన కడ్డీ ముట్టుకున్నట్టు గునపం వదిలేశాడు. జర ముందుగాల చెప్పొద్దా తల్లీ, మాకు పాపం తగుల్తుండె అంటూ నన్ను రెండు చేతులా ముట్టి కళ్ళకి అద్దుకున్నాడు. సామాను అక్కడే పెట్టి, మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ మనోహర్‌కి ఫోన్ చేశాడు.

ఆయన గంట తిరక్కుండా వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం, కళ్ళనిండా నీళ్ళు. చెప్పులు ఎక్కడ విడిచాడో చూసుకోలేదు. శ్యామల ఇంకా నా దగ్గరే నిలబడి ఉంది. డాక్టరమ్మకు ఫోన్ చేసిన, దవాఖానకు పోదాం పా అన్నాడు ఆయాసపడుతూ.

"దవాఖాన ఒద్దు. ఏం లేదు. అబద్ధం చెప్పిన."

ఆయన మొహం చూడలేకపోయాను.

"గిసొంటి మాట అబద్ధం ఎట్ల చెప్పబుద్ధయింది శ్యామలా?"

"గీ గడపను ఇటు దిప్పేటప్పుడు ఒద్దన్న. మొన్న గూడ ఒద్దన్న. నేనొద్దంటే ఎవ్వరి చెయ్యీ ఆగలే. లేని బిడ్డ పేరు చెప్తే ఆగింది. పోయినోళ్ళు ఈ గోడల్ల లేరు. ఎంత తవ్వినా దొరకరు."

మనోహర్ ఉన్నవాడు ఉన్నట్టుగా నా మీద కూలబడ్డాడు. గడప మీద కూర్చోకూడదని పసిపిల్లలకి కూడా చెబుతారు. సీతాపతిరావు గారి కాలం నుంచి నా మీద ఎవరూ కూర్చోలేదు. లేవమని ఆమె అనలేదు. తనూ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఎదురుగా ఉన్న ఆ గోడని చూస్తూ చీకటి పడేదాకా అలాగే ఉన్నారు. ఏడ్చారు కూడా. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. అంతకుముందు ఎప్పుడు ఏడుపొచ్చినా మధ్యలో మేస్త్రీ ఉండేవాడు. మిఠాయి పొట్లానికి చీమలు పట్టాయి.

మర్నాడు నర్సింలు వచ్చాడు, చేతిలో ఒక గుడ్డసంచి. ఇంటామె చింతకాయలు పంపింది, అమ్మకు పుల్లగ తినబుద్ధయితది గదా అన్నాడు నవ్వుతూ. ఎన్నో నెల సార్ అని కూడా అడిగాడు. మనోహర్ ఏం చెబుతాడోనని నేను బిగుసుకుపోయాను. పరువు మనిషి, తప్పించుకోవడానికి ఇంకో అబద్ధం చాలు.

"నెలలు లేవు నర్సింలూ. ఏం లేదు. ఇల్లు అయిపోయింది, నీ సామాను తీస్కపో."

నర్సింలు దక్షిణపు గోడ మీద సుద్దతో గీసిన గీతల్నీ, మళ్ళీ కట్టినా ఇంకా పూత పడని మెట్ల దగ్గర ఇటుకల్నీ చూశాడు.

"ఏడ అయిపోయింది సార్?"

"అయిపోయింది."

ఇన్నేళ్ళలో, ఇంతమంది యజమానుల్లో, ఇల్లు అయిపోయిందని చెప్పిన మనిషిని నేను ఇతన్నే చూశాను. సీతాపతిరావు గారు కూడా చివరిదాకా వెనకాల ఒక గది వేయాలనే అనేవారు. నర్సింలుకి సంగతి అర్థమైందో లేదో, తల వంచుకుని గునపాలూ తట్టలూ ఆటోలో సర్దుకున్నాడు. చింతకాయల సంచి ఏం చేయాలో తోచక మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు శ్యామల బయటికి వచ్చింది.

"అవి ఇయ్యి నర్సింలూ. తొక్కు నూరుత. మీ ఇంటామెకు గూడ పంపుత."

సంచి తీసుకుని, చంకన ఎత్తుకుని, నన్ను దాటి లోపలికి వెళ్ళింది. ఆ తరువాత నన్నెవరూ ఎత్తలేదు.