చిటికెన వేలికి తగిలింది

కండక్టరమ్మ నోటికి ఆ రూటులో జడవనివాళ్ళు లేరు. బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా ఆవిడ "లోపలికి జరగండి!" అని ఒక్క కేక వేసిందంటే, జరగడానికి చోటు లేనివాళ్ళు కూడా జరిగేవారు. అలాంటి మనిషికి ఎదురు చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకడు డ్రైవరు, వాడు వెనక్కి తిరగడు కనుక. రెండోది కూతురు, తల్లికంటే మూరెడు పొడుగు కనుక.

ఆ పిల్లని వీధంతా పొడుగుపిల్ల అనేవారు. వాలీబాల్ ఆడుతుంది. ఏదో సెలవుల్లో సరదాకి ఆడటం కాదండోయ్, పెద్ద జట్టులో ఆడుతుంది, టీవీలో కనిపిస్తుంది. జట్టు ఫైనలుకి చేరిందని తెలిసిన రోజున బడి డ్రిల్లు మాస్టారు బస్సెక్కారు. ఆ పిల్ల చేతికి మొదట బంతి ఇచ్చింది ఆయనే.

"అమ్మాయిది పెద్ద ఫొటో ఒకటి ఇవ్వండి. బడి గేటు మీద కట్టిస్తాను. పిల్లలు చూసి నేర్చుకుంటారు" అన్నారు.

"ఏం నేర్చుకుంటారు మాస్టారూ? తడి తువ్వాలు మంచం మీద పారేయడమా? పదిసార్లు పిలిస్తే ఒకసారి పలకడమా?" కండక్టరమ్మ టికెట్టు చింపి ఆయన చేతిలో పెట్టింది. "బంతి బాగా కొడితే బుద్ధి కూడా బాగున్నట్టేనా ఏంటి? ఆట చూసి ఆట నేర్చుకోమనండి. మిగతావి నేర్పడానికి ఇళ్ళల్లో పెద్దవాళ్ళం లేమూ?"

లోపల మాత్రం పొంగిపోయింది. కన్నతల్లి కదా! అయినా ఫొటో ఇవ్వలేదు. "సరే, ముందు గెలిచి రానివ్వండి" అని మాస్టారే సర్దుకున్నారు.

ఫైనలు నాడు సాయంత్రం డిపో విశ్రాంతి గదిలో కాలు పెట్టే సందు లేదు. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు అంతా టీవీ ముందే. ఆఖరి సెట్టు. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మనదే. అవతలి పిల్ల ఎగిరి కొట్టింది. మన పొడుగుపిల్ల వల మీదికి చేతులెత్తింది. బంతి ఆ చేతుల పైనుంచి దూసుకుపోయి గీత అవతల పడింది. రిఫరీ ఈల వేసి పాయింటు మనకిచ్చాడు.

గది దద్దరిల్లింది. డ్రైవరు బెంచీ ఎక్కి గంతులేశాడు. "అక్కా, గెలిచాం! నీ కూతురు గెలిపించింది!"

సరిగ్గా అప్పుడే టీవీలో పొడుగుపిల్ల రిఫరీ దగ్గరికి నడిచింది. చెయ్యి పైకెత్తి, తన చిటికెన వేలి కొస ముట్టుకుని చూపించింది. బంతి నాకు తగిలాకే బయటికి పోయింది, పాయింటు వాళ్ళది అని. రిఫరీ చెయ్యి అటు తిప్పాడు. ఆ తర్వాత రెండు పాయింట్లూ అవతలివాళ్ళే కొట్టుకుపోయారు. కప్పు పోయింది.

"ఎవడైనా అడిగాడా దీన్ని?" అంటూ డ్రైవరు బెంచీ దిగాడు.

కండక్టరమ్మకి తల కొట్టేసినట్టయింది. దాచడం దేనికి, ఆవిడకీ ఒళ్ళు మండిపోయింది. కూతురి దగ్గర్నుంచి ఫోను రాగానే ఎత్తి, "నోరు మూసుకుని ఉండలేకపోయావుటే?" అంది.

"తగిలిందమ్మా."

"తగిలితే? ఎవరైనా చూశారా?"

"నాకు తగిలితే నాకు తెలీదా?" అంది పిల్ల. "ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడటం లేదమ్మా. రేపు పొద్దున వస్తా. నీ బస్సెక్కనులే, అందరూ ఉంటారు. సందుల్లోంచి నడిచొచ్చేస్తా."

"దొంగలా సందులంట రావడమేంటి? స్టేషను స్టాపులో నిలబడు" అని ఫోను పెట్టేసింది గానీ, ఆవిడ మనసు మనసులో లేదు.

మర్నాడు మొదటి ట్రిప్పు. బస్సు నిండిపోయింది. ఒక ముసలావిడ కాలు ఎవరో తొక్కారు. ఆవిడ కెవ్వుమంది.

"నేను కాదండీ" అన్నాడొకడు. "నా కాలు ఇటుంది" అన్నాడింకొకడు. "నేనిప్పుడేగా ఎక్కింది" అంది మరొకావిడ.

కండక్టరమ్మ చేతిలో టికెట్టు చేతిలోనే ఉండిపోయింది. తను ఉద్యోగంలో చేరినప్పట్నుంచి ఈ బస్సులో ఎన్ని కాళ్ళు నలిగాయో! ఒక్కడంటే ఒక్కడు, నేనే తొక్కానండీ అని చెయ్యెత్తిన పాపాన పోలేదు. తను మాత్రం ఎత్తేదా? అంతమంది ముందు, కప్పు చేతిలోకి వచ్చాక? ఛస్తే ఎత్తదు. ఎత్తింది తన కడుపున పుట్టిన పిల్ల! ఆవిడకి గుండె నిండిపోయి కళ్ళు చెమ్మగిల్లాయి.

తర్వాతి స్టాపులో డ్రిల్లు మాస్టారు ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు. ముఖం మాడ్చుకునే ఉన్నారు.

"ఆ రోజు ఫొటో ఇవ్వకుండా మంచిపని చేశారమ్మా. తప్పు పట్టడం రిఫరీ పని. ఆటగత్తెకెందుకు? రేపు పిల్లలు ఏం నేర్చుకుంటారు? చేతికందిన కప్పు వదులుకోవడమా?"

బస్సంతా అవునవునంది.

"పిల్లల సంగతి తర్వాత మాస్టారూ, ముందు నేను నేర్చుకుంటున్నా" అంది కండక్టరమ్మ. "దానికి అన్నం పెట్టాను, తిట్లు పెట్టాను గానీ, ఇది మాత్రం నేను నేర్పింది కాదు. దాని చోట నేనుంటే కిక్కురుమనేదాన్ని కాదు. మీరు?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూడసాగారు.

స్టేషను స్టాపు వచ్చింది. పొడుగుపిల్ల భుజాన సంచీతో, తల దించుకుని, స్తంభం వెనక నిలబడి ఉంది. ఆ ఎత్తుకి స్తంభం ఏం దాస్తుంది! తల్లి మెట్టు మీదికి దిగి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. బస్సులో అందరూ అటే చూశారు. పిల్ల తల ఇంకా కిందికి వంగింది.

మాస్టారు మెల్లగా లేచారు. "రా తల్లీ, ఇలా కూర్చో" అని తన సీటు చూపించారు.

పిల్ల కూర్చోబోయింది. కండక్టరమ్మ భుజం పట్టి ఆపింది.

"కూర్చోకు" అంది, బస్సు చివరిదాకా వినపడేలా. "నిటారుగా నిలబడవే. అందరికీ కనపడాలి."